మూడు కేకలు

గుమాస్తా అడిగిన కాగితాలు జిరాక్స్ తీయించుకొని పరుగెత్తుకొచ్చాను. బాబాయ్ లేబర్ కోర్టు గుమ్మం పక్కన, నేను కూర్చోమన్న బెంచీ మీదే ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"కంగారు పడకురా, మనల్నింకా పిలవలేదు."

లోపలికెళ్ళి బంట్రోతుని అడిగాను.

"మీదా? కొట్టేశారు. గుమ్మంలో నిలబడి మూడుసార్లు కేకేశాను. పాత కేసులు తొందరగా తేల్చమని పైనుంచి ఒకటే ఒత్తిడి. పొద్దుట్నుంచి పదకొండు తేల్చాం, తెలుసా?"

"ఆయన నీ పక్కనే కూర్చున్నాడు కదయ్యా!"

"అయితే పలకడానికేం రోగం?"

నాకు కోపం రావాలి. మామూలుగా అయితే చొక్కా పట్టుకునేవాణ్ణి. ఎందుకో ఏమీ రాలేదు. చేతిలో జిరాక్సులు మాత్రం ఇంకా వెచ్చగా ఉన్నాయి. పై కాగితం తీసి అతని ముందు పెట్టాను.

ఇరవై రెండేళ్ళు ఇనుము సాగగొట్టే షెడ్డులో పనిచేసి, రెండు చెవులూ పోగొట్టుకున్న మనిషి నష్టపరిహారం కోసం వేసిన కేసు అది. చెవుడంతా నటన, రుజువేదీ అని కంపెనీ వకీలు నాలుగేళ్ళుగా వాదిస్తున్నాడు.

బంట్రోతు చదివాడు. ఆర్డరు కాగితం నా వైపు తిప్పాడు. "మూడుసార్లు పిలిచినా పలకలేదు. కేసు కొట్టివేయడమైనది." కింద జడ్జిగారి సంతకం.

నా వెనకే వచ్చిన బాబాయ్ దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

"దీన్ని కూడా జిరాక్స్ తీయించుకురారా. రుజువు కావాలన్నారుగా, వాళ్ళే రాసిచ్చారు."