బావి దగ్గర మిణుగురు

"వెనక్కి రా! పంది నీ వెనకే ఉంది!"

తెర మీద ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివేలోపే అద్దాలాయన పని అయిపోయింది. కంప్యూటర్ ఆటలో ఆయన నడిపిస్తున్న పిడుగు అనే వీరుడు గడ్డిలో వెల్లకిలా పడ్డాడు. మిణుగురు పరుగున వచ్చి, చేతిలో దీపం ఎత్తి మళ్ళీ బతికించాడు. ఇవాళ్టికిది ఆరోసారి.

"సారీ. యాక్సిడెంట్ అయ్యాక వేళ్ళు మాట వినట్లేదు," అని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు అద్దాలాయన.

"ఫర్లేదు. మెల్లగా అదే వస్తుంది," అని జవాబు వచ్చింది.

వేళ్ళకి ఏ రోగమూ లేదు. పాతికేళ్ళుగా కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో వెంట్రుకవాసి తేడా రాకుండా అద్దాలు అరగదీస్తున్న వేళ్ళవి. కానీ పిడుగు ఆయన కాదు, ఆయన కొడుకు. యాక్సిడెంట్ అయిన మాట నిజమే. అందులోంచి లేచి వచ్చాడన్నదే అబద్ధం.

వాడు ఉన్నన్నాళ్ళూ "ఆ ఆట కూడు పెడుతుందా?" అని తిట్టని రోజు లేదు. ఒకసారి భోజనాల దగ్గర వాడు, "మిణుగురు లేకపోతే నేను రోజుకి పదిసార్లు చస్తాను నాన్నా," అని పకపకా నవ్వాడు. వడ్డిస్తున్న తల్లి కూడా నవ్వింది. ఎవడ్రా ఆ మిణుగురు అని తండ్రి ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు.

మూడు వారాల కిందట, రిపేరుకని భార్యతో గోడకి చెప్పినట్టు చెప్పి, వాడి లాప్‌టాప్ షాపుకి తెచ్చుకున్నాడు. మూత తీస్తే పాస్‌వర్డు కూడా అడక్కుండా ఆట తెరుచుకుంది. "పాత ఊరు మళ్ళీ వచ్చింది!" అని పెద్ద ప్రకటన. పదేళ్ళ కిందట ఆట మొదలైనప్పటి ఊరేనట అది. కొత్త హంగుల కోసం తీసేసి, ఇప్పుడు ఉన్నదున్నట్టు తిరిగి తెచ్చారట. దాని కింద మిణుగురు సందేశం ఉంది: "మన ఊరు తెరిచారు. రోజూ ఐదింటికి బావి దగ్గర ఉంటా. రా."

కొడుకు ఈడువాడే అయ్యుంటాడు, పాపం కబురు తెలియదు. నిజం చెప్పేద్దామనే పిడుగుని బావి దాకా నడిపించాడు. తీరా చేసి, "వచ్చాను" అని కొట్టాడు. అవతలనుంచి ఎంతసేపటికీ ఉలుకూ పలుకూ లేదు. నెట్ పోయిందేమో అనుకున్నాడు. చివరికి ఒకే మాట వచ్చింది. "బాగున్నావా?"

దాంతో నిజం గొంతులోనే ఉండిపోయింది.

కౌంటరమ్మాయి టీ తెచ్చి, ఆయన భుజం మీదుగా తొంగిచూసింది. ఆ ఊరి గోడ మీద ఆటగాళ్ళు రాసుకున్నవి పైకి చదవడం ఆమెకి సరదా.

"'బావి బొక్కెనకి చిల్లు కూడా అలాగే ఉంచారు, మీకో దండం.' 'ఈ రంగులేంటి, ఈ తళుకులేంటి, ఇది మా ఊరు కాదు పొండి.' 'బస్సులో ఫోన్ మీద ఆడుతూ ఏడ్చేశా, పక్కాయన తన స్టాప్ దాటిపోయినా కూర్చుని ఓదార్చాడు.' ఇది వినండి బాబాయ్. 'ఊరొచ్చింది. మా పదకొండుగురిలో ముగ్గురమే వచ్చాం.'" ఆమె గొంతు తగ్గింది. "ఆ పిల్లాడికి చెప్పెయ్యండి బాబాయ్. ఎన్నాళ్ళని ఇలా?"

"ఇవాళ చెప్పేస్తానమ్మా."

"నిన్నా ఇదే అన్నారు."

చెబితే మిణుగురు వెళ్ళిపోతాడు. కొడుకుని పేరుపెట్టి పిలిచే మనిషి ఇంకెక్కడా లేడు. ఇంట్లో అసలు మాటలే లేవు. ఎనిమిది నెలల కిందట ఆసుపత్రి వరండాలో భార్యతో ఆయన అన్నది ఒకే ముక్క. "నువ్వు పంపకుండా ఉంటే!" ఉప్పు నిండుకుందని వాణ్ణి కొట్టుకి పంపింది ఆవిడే. అంతే, ఆవిడ నోరు మూతపడింది. భోజనం పెడుతుంది, కంచం తీస్తుంది, ఫోన్ పట్టుకుని వంటింట్లో కూర్చుంటుంది. ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఆయన రోజూ దారి పొడుగునా అనుకుంటాడు. గుమ్మం దాటాక నోరు పెగలదు.

"నీకొకటి చెప్పాలి," అని కొట్టాడు.

"ముందు నేనొకటి అడగనా?"

"అడుగు."

"ఆ రోజు బయటికెందుకెళ్ళావు?"

"ఉప్పు కోసం. అమ్మ పంపింది."

తెర మీద మూడు చుక్కలు మెరిశాయి, ఆగాయి, మళ్ళీ మెరిశాయి.

"అమ్మ మీద కోపమా?"

అద్దాలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అయినా అక్షరాలు అలుక్కుపోయే కనిపించాయి. ఆ మసకలోనే కొట్టుకుంటూ పోయాడు.

"లేదు. ఉప్పుకి పంపడం తప్పెలా అవుతుంది? అమ్మ తప్పేమీ లేదు. నాన్నే నోరు జారాడు. తన ఏడుపు ఎక్కడ దించుకోవాలో తెలియక ఆమె నెత్తిన దించాడు."

"మీ నాన్నగారు ఆ మాట మీ అమ్మతో అన్నారా?"

"లేదు. ఉత్త పిరికివాడు."

మిణుగురు దీపం కిందపెట్టి, బావి గట్టున కూర్చుండిపోయాడు. పిడుగు వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"ఆరవుతోంది. నేను వెళ్ళాలి," అన్నాడు మిణుగురు. "నువ్వేదో చెప్పాలన్నావు?"

"రేపు చెప్తాలే."

ఆరున్నరకి ఇల్లు చేరి చెప్పులు విప్పాడు. భార్య మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. కళ్ళు వాచి ఉన్నాయి. అవి ఎనిమిది నెలలుగా అలాగే ఉంటున్నాయి కనక ఆయనకి కొత్తగా అనిపించలేదు.

"అదీ... నేను..." అన్నాడు. ఎప్పట్లాగే మాట అక్కడే ఆగింది. తల వంచుకుని నీళ్ళు తాగాడు.

వంటింటి గుమ్మం దాకా వెళ్ళిన ఆవిడ వెనక్కి తిరిగింది. ఇన్నాళ్ళూ వాడక బొంగురుపోయిన గొంతు పెగిలింది.

"రేపు కూడా బావి దగ్గరే ఉంటానండీ."