వరండాలో నాలుగు నిమిషాలు

"ఈ వేసవి శిక్షణకి మేం జీతమివ్వలేమమ్మా. నీ మార్కులకి పెద్ద పెద్ద ఆఫీసులే పిలుస్తాయి. ఈ పేదల కేసులెందుకు నీకు?" అన్నాడు ప్రూయిట్. ఆల్బుకర్కీ కోర్టుల్లో లాయరును పెట్టుకోలేని ముద్దాయిల తరఫున ముప్ఫై ఏళ్లుగా వాదిస్తున్నాడాయన.

"మా అన్న టోబియాస్ మీద పెట్టిన దొంగతనం కేసు ఇక్కడి లాయరే చూశారు సార్," అంది లా విద్యార్థిని ఇనెస్. "కోర్టు వరండాలో నాలుగు నిమిషాలు మాట్లాడి, ఒప్పేసుకో, తక్కువలో పోతుందన్నారట. ఆరేళ్లు పడింది."

"ఎవరా లాయరు?"

"మీరే సార్."

ఆయన చాలాసేపు ఆమె ముఖంలో ఆ అన్న పోలికలు వెతుక్కున్నాడు.

"రోజుకి పాతికమందిని చూసేవాణ్ణి తల్లీ, గుర్తు రావడం లేదు. ఇంతకీ ఆ దొంగతనం అతనే చేశాడా?"

"లేదు సార్. ఆ మాట మీరు అడుగుతారేమోనని చివరిదాకా చూశాడట."

ప్రూయిట్ గబగబా కాగితం లాక్కున్నాడు. "కేసు తిరగదోడదాం. ఏ జైల్లో ఉన్నాడు?"

"ఫిబ్రవరిలో జ్వరమొచ్చి జైల్లోనే పోయాడు సార్."

ఆయన కలం వదిలేసి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. ఈయన్ని అడిగి కడిగేయాలని ఇన్ని నెలలు దాచుకున్న మాటల్లో ఒక్కటీ ఇనెస్ నోటికి రాలేదు.

"సోమవారం ఎన్నింటికి రమ్మంటారు సార్?" అంది.