మగ్గం గుంటలో పుస్తకం

దసరా పూజకని తిమ్మప్ప మగ్గం గుంటలోకి దిగి ఊడుస్తున్నాడు. కోడలు కల్పన గడపలో నిలబడి చూస్తోంది. ఆమె బైబిల్ ఆ గుంటలోనే, తొక్కుడు చెక్కల వెనక ఉంది. ఇంకోసారి చర్చికి పోతే ఇంట్లోంచి వెళ్లగొడతానని భర్త నిన్ననే అరిచాడు.

చీపురు చప్పుడు ఆగింది.

పుస్తకం పట్టుకుని తిమ్మప్ప పైకొచ్చాడు. "యేసయ్యా" అనుకుని కల్పన కళ్లు గట్టిగా మూసుకుంది.

"మీ అత్త గూడ గీడ్నే దాచుకున్నది. దొరికిననాడు పొయ్యిల వేసిన. సచ్చేదాంక నాతోని మాట్లాడలే."

అట్టకంటిన దుమ్ము కండువాతో తుడిచి, పుస్తకాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"జల్ది జాగ మార్చు బిడ్డా. నీ మొగుడు అచ్చం నా అసుంటోడే."