ముందుకు జరగని తేదీ

పళ్ల డాక్టరుకు స్విస్ గడియారాల పిచ్చి. అందులోనూ వారం, తేదీ, నెల వాటంతటవే మార్చుకునే చేతి గడియారాలంటే ప్రాణం. అలాంటిదొకటి అతని స్నేహితుడి దగ్గర ఉండేది. స్నేహితుడు పోయాక పరామర్శకు వెళ్లినప్పుడు దాని మీద కన్నేశాడు.

"ఇది పాడైపోయింది చెల్లెమ్మా, బాగుచేయించడం కూడా దండగ. వాడి గుర్తుగా నేనుంచుకుంటాను," అన్నాడు స్నేహితుడి భార్యతో.

ఆమె ఏదో చెప్పబోయి, ఆగి, గడియారం తీసి ఇచ్చేసింది.

ఆ రాత్రి ఇంట్లోవాళ్లు పడుకున్నాక తలుపు వేసుకుని, దానికి కీ ఇచ్చి చేతికి పెట్టుకున్నాడు. స్నేహితుడు పోయిన రోజు దగ్గరే ఆగి ఉన్న తేదీని మెల్లగా ముందుకు తిప్పాడు. ఇవాళ్టి దాకా వెన్నలా కదిలింది. రేపటికి మాత్రం రాలేదు. విప్పి చూద్దామంటే పట్టీ ఊడలేదు. లాగీ లాగీ చర్మం కందిపోయింది.

వెంటనే ఆమెకు ఫోన్ చేశాడు. మొదటి రింగుకే ఎత్తింది.

"తేదీ ముందుకు పోవట్లేదు చెల్లెమ్మా. ఇది ముందునుంచీ ఇంతేనా?"

"ఆయన కూడా తన చివరి రాత్రి నన్నిదే అడిగారు, అన్నయ్యగారూ."

"మరి నాకు చెప్పొచ్చు కదా?"

"చెబుదామనే నోరు తెరిచాను. మీరు పాడైపోయిందన్నారు కదా అని ఊరుకున్నాను." నెమ్మదిగా అనేసి ఫోన్ పెట్టేసింది.

అర్ధరాత్రి కాగానే అతని అద్దాల పెట్టెలోని గడియారాలు ఒకదాని వెనక ఒకటి టిక్కుమంటూ తేదీ మార్చుకోసాగాయి. అతను చేతివంక చూడకుండా ఒక్కో చప్పుడూ వింటూ కూర్చున్నాడు. చివరిది కూడా మారాక, మణికట్టు దగ్గర వినబడుతున్న చప్పుడు ఆగిపోయింది.