వెన్ను చూపని కోటు

"ప్రాణం పోయినా సరే, వెనక్కి మాత్రం తిరగకు," అంది అక్క, పెదాల మధ్య పట్టుకున్న గుండుసూది తీసి చెల్లెలి నడుం దగ్గర గుచ్చుతూ.

"ఊపిరైనా తీసుకోవచ్చా?"

"మెల్లగా తీసుకో. గట్టిగా తీస్తే క్లిప్పులు ఊడతాయి."

కోటు చూడముచ్చటగా ఉంది. సైనికుల కోటు తరహాలో ఆడవాళ్ళ కోసం అక్కే కుట్టింది. ముందు రెండు వరసల ఇత్తడి గుండీలు, భుజాల మీద పట్టీలు, నిటారుగా నిలబడ్డ కాలరు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. కొలతలు ఒడ్డూ పొడుగూ ఉన్న ఒక మోడల్‌వి. ఆ పిల్ల తెల్లారేసరికి జ్వరమని పడకేసింది. చెల్లెలేమో గాలేస్తే ఎగిరిపోయే రకం. అందుకని మిగిలిన గుడ్డంతా వెనక్కి లాగి, మెడ నుంచి నడుం దాకా దండెం మీది బట్టల క్లిప్పులు బిగించింది అక్క. ముందు నుంచి చూస్తే సేనాధిపతి, వెనక నుంచి చూస్తే ఆరేసిన దుప్పటి.

"కింద నల్ల ప్యాంటు చాలు. చెవులవి తీసెయ్. మెరవాల్సింది గుండీలు, నువ్వు కాదు."

"అబ్బో, మెచ్చుకున్నావులే."

అక్కకి నవ్వే ఓపిక లేదు. బట్టల షోరూముల ఆవిడ ఇవాళ ఈ కోటు చూసి ఆర్డరు ఇవ్వకపోతే ఈ కుట్టు గదికి తాళం వేసి, మళ్ళీ ఎవరి కిందో కాజాలు కుట్టుకోవాలి.

షోరూముల యజమానురాలు వచ్చి కుర్చీలో కూర్చుంది. పెద్దావిడ, మాట పొదుపు. చెల్లెలు ఠీవిగా ముందుకి నడిచింది. తిరక్కుండానే వెనక్కీ నడిచింది.

"ఏదీ, ఒకసారి అటు తిరగమ్మా."

అక్క చటుక్కున అడ్డొచ్చింది. "సైనికుల కోటు కదండీ. వెన్ను చూపకూడదు."

పెద్దావిడ నవ్వలేదు. చెల్లెలి భుజం మీదుగా ఎటో చూస్తూ ఉండిపోయింది. అక్క కూడా అటే చూసింది. గోడకి నిలువుటద్దం. కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్ళందరినీ నిలబెట్టినట్టే, అలవాటుకొద్దీ చెల్లెల్నీ దాని ముందే నిలబెట్టింది. అందులో ఎర్రవీ పచ్చవీ నీలంవీ, క్లిప్పులన్నీ వరసగా కనిపిస్తున్నాయి. అక్కకి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"ముందు వైపు కొత్తేం లేదమ్మా," అంది పెద్దావిడ లేస్తూ. "ఇత్తడి గుండీల కోట్లు మా దగ్గర అమ్ముడుపోక మూలుగుతున్నాయి."

"అర్థమైందండీ." అక్క కొలతల టేపు చుట్టెయ్యబోయింది.

"ఆ వెనక వైపు పనితనం మాత్రం నేనెక్కడా చూళ్ళేదు. అచ్చం అలాగే కుట్టి, మా షోరూములన్నిటికీ పంపండి. అంత మంచి డిజైను చూపించడానికి మొహమాటం దేనికి?"

అక్క చెల్లెలి మొహం వైపు చూడకుండా గొంతు సవరించుకుంది.

"మొహమాటం కాదండీ. బయటికి పొక్కితే కాపీ కొట్టేస్తారని."