అడవి వరి

డైరెక్టర్ బూటు కాలితో కప్పను గుమ్మం దాకా తోసుకుంటూ వెళ్లి, తడిగుడ్డతో ఎదురొచ్చిన అటెండరు మీద విరుచుకుపడ్డాడు. కొత్త భవనం కట్టి రెండేళ్లు కాలేదు, తన గదిలో నేల ఒక్కరోజైనా ఆరిన పాపాన పోలేదు. టైల్సు రెండుసార్లు పీకించి వేయించాడు. కాంట్రాక్టరును పిలిపించి నానా మాటలూ అన్నాడు. దానికి తోడు కిటికీకి అడ్డంగా ఆ పెద్ద బండ ఒకటి, పొద్దుటి ఎండను లోపలికి రానివ్వదు. దాన్ని పగలగొట్టడం ఎవరి వల్లా కాక, చివరికి దాని మీదే పరిశోధనా సంస్థ పేరు చెక్కించారు.

“పైపు ఎక్కడో కారుతోంది. కనిపెట్టడం ఒక్కడికీ చేతకాదు,” అని గొణుక్కుంటూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

ఎదుటి కుర్చీలో, ఒకప్పుడు అతనికి పాఠాలు చెప్పిన ప్రొఫెసరమ్మ కూర్చుని ఉంది. చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, చెప్పులు విడిచి, అరికాళ్లు చల్లటి నేలకు ఆనించింది. రిటైరై కూతురి దగ్గరికి వెళ్లిపోయాక ఇటు రావడం ఇదే మొదలు. అతనే కారు పంపి రప్పించాడు. వచ్చినప్పటి నుంచి ఆవిడ ముఖం చిటపటలాడుతూనే ఉంది. ప్రయాణం బడలిక అనుకున్నాడు.

రప్పించిన పని చిన్నది కాదు. వరికి పసుపు తెగులు పట్టింది. కంకి వేయకముందే పైరు పండుబారి చచ్చిపోతోంది. మందులు పనిచేయలేదు. సంస్థ తయారుచేసిన రకాలన్నీ వరసగా చేతులెత్తేశాయి. పాత పరీక్షల్లో ఆ తెగులును తట్టుకున్నది ఒక్కటే, ఆవిడ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎక్కడినుంచో తెచ్చిన అడవి వరి. దాని గింజలు శీతల గదిలో భద్రంగా ఉన్నాయి గానీ, నానబెడితే ఒక్కటీ మొలకెత్తలేదు. బతికున్న మొక్క దొరికితే దాంతో సంకరం చేసి కొత్త విత్తనం పుట్టించవచ్చు. దొరక్కపోతే చేతిలో ఇంకేమీ లేదు.

బల్ల మీద ఫోన్ మోగింది. అతను చూసి బోర్లించాడు.

“మా అన్నయ్య. ఎండిన చేను మళ్లీ దున్నేశాడు. ఏమని చెప్పను?”

“దగ్గొస్తోందని చెప్పు,” అంది ఆవిడ.

అతను తలదించుకున్నాడు. చదువుకునే రోజుల్లో ఆవిడ పిల్లలందర్నీ అడవికి బయల్దేరదీసిన ప్రతిసారీ, సరిగ్గా ఆ పొద్దునే అతనికి దగ్గు పట్టుకునేది. క్లాసంతా అతన్ని ‘దగ్గు’ అనే పిలిచేది.

“ఎగతాళి తర్వాత చేద్దురుగాని, మేడం. గింజల సీసా మీద మీ పేరు ఉంది, ఎక్కడ దొరికిందో లేదు. ఎందుకు రాయలేదు?”

“రాస్తే మర్నాటికల్లా తవ్వుకుపోయేవాళ్లు. నా కళ్ల ముందే అలా రెండు మొక్కలు మాయమైపోయాయి. అందుకే దీని సంగతి ఎవరికీ చెప్పలేదు.” ఆవిడ గొంతు తగ్గించింది. “చెప్పి ఉండాల్సింది.”

“ఇప్పుడు చెప్పండి. ఎలాంటి చోటు?”

“ఎప్పుడూ ఇంకని చిన్న ఊట. పొద్దున నీడ, మధ్యాహ్నం ఎండ. అంతా కలిపి ఒక గదంత నేల. అంతకుమించి ఆ వరి నాకు ఇంకెక్కడా కనిపించలేదు. దాన్ని పూడ్చేశారు. ఈ పొద్దునే కళ్లారా చూశాను.”

అతను బల్ల మీద గుద్దిన గుద్దుకు టీ ఒలికింది. ఆ కోపంలో నటన లేదు. నాలుగు తుప్పలు కనబడితే యంత్రం తోలేవాళ్లని, నేల ఖాళీగా ఉంటే ఒళ్లు దురద పుట్టేవాళ్లని, చెమ్మ కనబడగానే మట్టి లారీలు పిలిచేవాళ్లని కడిగిపారేశాడు. ఇంతమంది తినే కంచంలో మన్ను పోశారన్నాడు.

“అక్కడ ఏం మొలిచిందో ఒక్కసారి వంగి చూశారా ఆ వెధవలు?”

“చూసి ఉండరు. పనికిరాని గడ్డి అని రాసి సంతకం పెట్టి ఉంటారు.”

“ఆ సంతకం పెట్టినవాడి పేరు చెప్పండి. నడివీధిలో నిలబెడతాను.”

ఆవిడ అతని ముఖంలోకి సూటిగా చూసింది.

“పేరు తర్వాత. పూడ్చి ఎంతో కాలం కాలేదు. రాలిన గింజ తడి మట్టిలో ఇంకా బతికే ఉండొచ్చు. పైన కట్టింది తీసి తవ్వాలి. తీయిస్తావా?”

“ఎంత పెద్దవాడు కట్టినా సరే, రేపే తీయిస్తాను.”

“వాడు ఏడ్చి గోల చేస్తే?”

“చెంప పగలగొడతాను.”

“మాట మీద ఉంటావుగా?”

“ఉంటాను, మేడం.”

అతను డ్రైవరుకు ఫోన్ చేసి, రెండు గడ్డపారలు, నాలుగు సంచులు కారులో వేసి సిద్ధంగా ఉండమన్నాడు. ఫోన్ జేబులో పడేసుకుని లేచి నిలబడ్డాడు.

“పదండి, చోటు చూపించండి. ఎంత దూరమైనా ఇప్పుడే వెళ్దాం. ఈసారి దగ్గు రాదు.”

ఆవిడ కర్ర ఊతంగా లేచింది. గుమ్మం వైపు వెళ్లలేదు. బల్ల చుట్టూ తిరిగి అతని పక్కకు వచ్చింది.

“ముందు నీ కుర్చీ జరుపు.”