సర్వం సిద్ధం

సైరన్ మోగేసరికి మనోరమ చేతిలో టీ కప్పు ఉంది. తొణకకుండా దాన్ని బల్లమీద పెట్టి, పసుపు టోపీ తలకు తగిలించుకుని, షెడ్డులోంచి మిషన్ గది వైపు నడిచింది. పరుగెత్తలేదు. ఎవరూ పరుగెత్తకూడదని వారం నుంచి అందరికీ చెబుతున్నది ఆమే.

చిరాగ్‌పల్లి దాటాక హైవే పక్కన ఉన్న ఆ కోల్డ్ స్టోరేజీలో రైతులు అల్లం దాచుకుంటారు. గదుల్ని చల్లబరిచేది అమ్మోనియా. గ్యాస్ లీకై మనిషి పడిపోతే వీళ్ళు ఏం చేస్తారో చూడటానికి ఏటా తనిఖీ అధికారి వచ్చి, తనే సైరన్ నొక్కి మాక్‌డ్రిల్ చేయిస్తాడు. పోయినేడు పడిపోయిన మనిషిగా నటించిన మిషన్ ఆపరేటర్ సురేశ్, స్ట్రెచర్ మీదికి ఎత్తుతుంటే కిసుక్కున నవ్వాడు. డ్రిల్ ఫెయిలైంది. ఈసారీ అలాగే అయితే లైసెన్స్ ఆగుతుందనీ, దాంతోపాటు సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగమూ పోతుందనీ యజమాని మనోరమకు చెప్పే ఉంచాడు.

అయినా సురేశ్‌నే ఎంచుకుంది. నేలమీద పడుకోవడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు.

"ఈసారి సచ్చినా నవ్వ మేడం" అని అతను మాటిచ్చాడు కూడా.

మాట నిలబెట్టుకుంటున్నాడు. మిషన్ గదిలో, గోడకున్న సైరన్ మీట కింద, ఒక చెయ్యి ఒంటికింద నలిగేలా పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. తలుపు దగ్గర వెల్లకిలా పడుకోమని ఆమె చెప్పింది. ఇదే ఇంకా బాగుంది అనిపించింది.

అధికారిని తీసుకురావడానికి జూనియర్ ఇంజనీరు వికాస్ పొద్దున్నే జహీరాబాద్ వెళ్ళాడు. గేటు దగ్గర ఆఫీసులో ఇంకో మీట ఉంది. ఆయన అది నొక్కి, తీరిగ్గా ఇటు వస్తూ ఉంటాడు.

పనివాళ్ళు మల్లప్ప, నాగరాణి స్ట్రెచర్ తెచ్చారు.

"లే సురేశన్న, దావత్‌కు పిలుస్తున్నరు" అంది నాగరాణి.

"నవ్వియ్యకు. ఇయ్యాల మస్తు చేస్తున్నడు. చూడు, చెమట గూడ తెచ్చుకున్నడు" అన్నాడు మల్లప్ప.

"నీళ్లు కొట్టుకున్నడేమో. వదినె మార్కెట్‌కు పొమ్మంటే ఇంట్ల గూడ గిట్లనే పడుకుంటడంట."

గుమ్మం దాటాక మనోరమ ఆపింది. మల్లప్ప తలకు టోపీ లేదు. నాగరాణి మాస్కు మెడకు వేలాడుతోంది.

"లోపలికి తీసుకుపోండి. మళ్ళా మొదటి నుంచి చేద్దాం."

"మళ్లానా మేడం? మనిషి బరువున్నడు."

"సార్ ఇంకా రాలేదు కద. వచ్చేసరికి సక్కగ ఉండాలె."

తీసుకెళ్ళి ఎక్కడివాణ్ణి అక్కడే పడుకోబెట్టారు. మనోరమ వంగి, అతని చేతిని ఇందాకటిలాగే ఒంటికిందికి సర్దింది. సురేశ్ పెదవులు కదిలాయి.

"మేడం... డ్రిల్లు..."

"స్పృహ తప్పినోనివి. మాట్లాడొద్దు."

అతను మళ్ళీ మాట్లాడలేదు.

సంసిద్ధత అంటే ఏమిటో మనోరమకు తనదైన అభిప్రాయం ఉంది. భయం మనసు దాకా వచ్చేలోపే చేతులు పని ముగించాలి. అలా జరగాలంటే ఒకే దృశ్యాన్ని చూసి చూసి మనసు దాన్ని లెక్కచేయడం మానెయ్యాలి. ఇవాళ ఎవరి ముఖంలోనూ కంగారు లేదు. అది గమనించాక ఆమెకు తనమీద తనకే కొంచెం గౌరవం కలిగింది.

రెండోసారి ఏ లోటూ జరగలేదు. టోపీలు తలలమీద, మాస్కులు ముఖాలమీద ఉన్నాయి. నాగరాణి సురేశ్ మణికట్టు పట్టుకుని, నేర్పిన మాటను నేర్పినట్టే గట్టిగా అంది.

"నాడి దొరుకుతలేదు."

తర్వాత మరోసారి పట్టుకుని చూసింది. అది ఆమెకు ఎవరూ నేర్పలేదు.

స్ట్రెచర్‌ను గేటు దగ్గర నీడలో దించారు. మల్లప్ప సురేశ్ చెంప తట్టాడు.

"అయిపోయింది, లే. చాయ్ తాగుదాం."

"ఉండనీ మల్లప్పా. సార్ చూసినంక లేస్తడు" అంది మనోరమ.

వికాస్ బండి గేటులోకి వచ్చింది. వెనక సీటు ఖాళీగా ఉంది. అతను హెల్మెట్ తియ్యకుండానే స్ట్రెచర్ వైపు చూశాడు.

"ఏమైంది మేడం? మీరు ఫోన్ గూడ ఎత్తుతలేరు."

"డ్రిల్లు గద, షెడ్డుల వదిలిపెట్టిన. సార్ ఏరి?"

"డ్రిల్లు రేపటికి పోయిందని ఇందాకనే సురేశ్‌కు ఫోన్ల చెప్పిన గద మేడం."